పెరటి నీళ్ళ పొయ్యికి ఏ లోహం మంచిది?

బ్యాంకులో పనిచేసేవాణ్ణి కాబట్టి ఇల్లు కట్టుకునే బంధువులూ, స్నేహితులూ నన్ను వడ్డీ గురించో వాయిదాల గురించో అడుగుతుంటారు. ఈ నాలుగైదేళ్ళుగా ఆ ప్రశ్నలకు ఇంకొకటి తోడయింది. "పెరట్లో కట్టెల బాయిలరు పెట్టించాలనుకుంటున్నాం. రాగిదా, ఇనుపదా, స్టీలుదా? ఏది మంచిది?" అడిగేవాళ్ళలో సగంమంది బెంగుళూరులోనో, చెన్నైలోనో, ఆపైన అమెరికాలోనో ఉంటూ మా శ్రీనివాసపురంలో తాతల నాటి ఇంటిని బాగుచేయించుకుంటున్నవాళ్ళు. పండక్కి వచ్చినప్పుడైనా పిల్లలకు కట్టెల పొయ్యి మీద కాగిన నీళ్ళు పోయాలని వాళ్ళ ముచ్చట. మిగతా సగం ఊళ్ళోనే ఉండి రోజూ నీళ్ళు కాచుకునేవాళ్ళు. ఈ ఇద్దరికీ ఒకే జవాబు పనికిరాదు. ఎందుకు పనికిరాదో చెప్పడానికే ఈ వ్యాసం.

నేను బి.కాం. చదివినవాణ్ణి. లోహాల గురించి నాకు తెలిసిందల్లా ముగ్గురి పుణ్యం: ఒక ముసలి కంచరి, ఒక వెల్డింగు మేస్త్రి, ఇంజనీరింగు చదివిన మా అక్క కొడుకు. లెక్కలు మాత్రం నావి.

శ్రీనివాసపురం ఎక్కడుందో తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. కర్ణాటకలో కోలారు జిల్లాలో, ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న తాలూకా మాది. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. ఊరి పాతపేరు పాపనపల్లి అనీ, మైసూరు దివాను పూర్ణయ్య తన కొడుకు శ్రీనివాసమూర్తి పేరు పెట్టడంతో శ్రీనివాసపురం అయిందనీ చెబుతారు. ఇప్పుడు నలుగురికీ తెలిసింది మామిడిపండ్ల వల్ల. సముద్రమట్టానికి సుమారు 800 మీటర్ల ఎత్తున ఉన్నాం కాబట్టి మార్గశిరం వచ్చిందంటే తెల్లవారుజామున చన్నీళ్ళు పోసుకోవడానికి గుండె ధైర్యం ఉండాలి. మరి మేడ మీద సోలారు పెట్టుకోవచ్చు గదా అంటారేమో. చాలామంది పెట్టుకున్నారు. మబ్బు పట్టిన నాలుగు రోజులకూ పొయ్యి వెలిగిస్తున్నారు.

కట్టెలకు మాకు కొదవ లేదు. కాపు అయిపోయాక తోటల్లో నరికే మామిడి కొమ్మలు, పట్టుపురుగులకు ఆకు వేయగా మిగిలిన మల్బరీ కట్టెలు, నీలగిరి పుల్లలు, కొబ్బరి మట్టలు. కొదవంతా నీళ్ళకే. జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది లేదు. చెరువులు ఎండి, బోర్లు వెయ్యి అడుగులు దాటి దిగాయి. అంత లోతు నుంచి వచ్చే నీటిలో రాతి ఉప్పులన్నీ కరిగి వస్తాయి. మా ప్రాంతంలో ఫ్లోరైడు బాధ కూడా ఉంది. బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి మా చెరువులకు తెచ్చే కోరమంగల-చల్లఘట్ట లోయ పథకం 2018లో మొదలయ్యాక భూగర్భ జలం పెరిగిన ఊళ్ళున్నాయి. అయినా బోరు నీటి స్వభావం బోరు నీటిదే. గిన్నెలో కాచి చూడండి, అడుగున తెల్లగా సున్నం పేరుకుంటుంది. ఈ వ్యాసానికి మూలం ఆ తెల్లటి సున్నమే.

తినేది ఎవరు?

నీళ్ళ పొయ్యికి లోహం ఎంచుకోవాలనగానే అందరి దృష్టీ నిప్పు మీదకు పోతుంది. మంటకు కాలిపోనిది, కరిగిపోనిది కావాలంటారు. మా కంచరి తాత దీనికి నవ్వేవాడు. "నిప్పు మీద నింద వేసి నీళ్ళను నెత్తిన పెట్టుకుంటారు సార్ మీరు. నా దగ్గరికి అతుక్కు వచ్చిన హండేలన్నీ లోపలినుంచి పోయినవే" అనేవాడు. మా వైపు నీళ్ళు కాచే పెద్ద రాగి పాత్రను హండే అంటాం. రాయలసీమలో అండా అనీ, కాగు అనీ వింటాం.

తాత మాట ఎంత నిజమో బడిపిల్లల ప్రయోగం ఒకటి చెబుతుంది. కాగితాన్ని దొన్నెలా మడిచి, నీళ్ళు పోసి, దీపం మీద పట్టుకోండి. నీళ్ళు వెచ్చబడతాయి గాని కాగితం అంటుకోదు. వచ్చిన వేడిని వచ్చినట్టే నీళ్ళు లాగేసుకుంటాయి. బాయిలరు రేకూ అంతే. లోపలి నిప్పులు 800 నుంచి 1000 డిగ్రీల వేడిలో ఉన్నా, వెనక నీళ్ళున్నంతసేపు రేకు 100 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. రాగి కరగడానికి 1085 డిగ్రీలు కావాలి, ఉక్కుకు 1400 పైన. కాబట్టి నీళ్ళున్న బాయిలరు మంటకు కరగడమనే మాటే లేదు. నీళ్ళు లేకుండా మంటపెడితే మాత్రం కథ వేరు. రాగి రేకు కరగకపోయినా దాని అతుకులకు వాడిన తగరం, సీసం కలిపిన టంకం 200 డిగ్రీల లోపే కరిగి కారిపోతుంది. అందుకే రాగి పాత్ర కొనేటప్పుడు అతుకు ఇత్తడి టంకంతో వేసిందా, సీసం టంకంతో వేసిందా అని అడగడం అన్నిటికంటె ముందు చేయవలసిన పని.

"రాగి తొందరగా కాగుతుంది, కట్టెలు మిగులుతాయి" అన్నది ఇంకో నమ్మకం. రాగి వేడిని మామూలు ఉక్కుకన్న ఎనిమిది రెట్లు, స్టెయిన్‌లెస్ స్టీలుకన్న పాతిక రెట్లు బాగా పంపుతుందన్న మాట నిజమే. కాని రేకు మందం రెండు మూడు మిల్లీమీటర్లు. అంత పలచని అడ్డు దాటడంలో వేడికి అయ్యే నష్టం, మావాడు వేసి చూపిన లెక్క ప్రకారం, ఉక్కులో ఒక డిగ్రీ, స్టెయిన్‌లెస్‌లో రెండు డిగ్రీలు. రాగిలో ఆ కాస్తా లేదు. ఈ రెండు డిగ్రీల కోసం ఎవరూ వేలు ఖర్చు పెట్టనక్కరలేదు. అదే రేకు లోపల 3 మిల్లీమీటర్ల సున్నపు గార కట్టిందనుకోండి, దాన్ని దాటడానికి ముప్పై నలభై డిగ్రీలు ఖర్చవుతాయి. గార కట్టిన రాగికన్న శుభ్రంగా ఉన్న ఇనుము మేలు.

ఈ గార ఎంత చేరుతుందో చూద్దాం. లీటరు నీటిలో 400 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉందనుకోండి. మా వైపు ఇది వింత అంకె కాదు. భారత ప్రమాణాల సంస్థ తాగేనీటికి 200 వరకు ఉంటే మంచిదనీ, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకోవచ్చుననీ చెప్పింది. రోజుకు 60 లీటర్లు కాచి, అందులో నాలుగోవంతు సున్నం మాత్రమే అడుగున దిగినా రోజుకు 6 గ్రాములు, ఏడాదికి 2 కిలోల పైమాటే. మూసిన బాయిలరులో చెయ్యి దూరదు. రెండు కిలోల రాయి ఏటేటా లోపల పేరుకుంటుంటే బయట రాగి అయితేనేం, బంగారమైతేనేం?

బంగారం మాట వచ్చింది కాబట్టి మా జిల్లా సంగతే ఒకటి. కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. జాన్ టైలర్ కంపెనీ 1880 నుంచి తవ్వించిన ఆ గనుల్లో బంగారాన్ని ఏ లోహపు మూసలో కరిగించేవారు అనుకుంటున్నారు? ఏ లోహమూ కాదు, మట్టీ గ్రాఫైటూ కలిపి చేసిన మూసలో. బంగారం 1064 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నీళ్ళ ఆసరా లేని చోట అంత వేడిని నమ్మకంగా ఓర్చేది మట్టే. మన పెరటి పొయ్యికీ ఇదే వర్తిస్తుంది. నీళ్ళు తాకని చోట, అంటే పొయ్యి గోడలకు, లోహం దేనికి? కాల్చిన ఇటుక, బంకమట్టి చాలు. ఇనుప రేకుతో పొయ్యి చేయించి రెండేళ్ళకోసారి మార్చుకునేవాళ్ళను చూస్తే నాకు జాలి వేస్తుంది. కట్టెలు పేర్చే జల్లెడకు మాత్రం పోతఇనుము కావాలి. మామూలు ఇనుప కంబీలు నిప్పుల మీద ఎర్రబడి వంగిపోతాయి. పోతఇనుము వంగదు, కాకపోతే ఎర్రగా ఉన్నప్పుడు చన్నీళ్ళు చల్లితే పగులుతుంది. నిప్పు ఆర్పడానికి చెంబుతో నీళ్ళు కొట్టే అలవాటు మానుకోవాలి.

ఒక్కొక్క లోహం

మామూలు ఇనుప రేకు, వెల్డింగు దుకాణాల్లో ఎం.ఎస్. అనేది, చవక. ఎక్కడైనా దొరుకుతుంది, ఎవరైనా అతుకుతారు. దాని శత్రువు నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్. మామూలు వేడిలో లీటరు నీటిలో సుమారు 8 మిల్లీగ్రాములు కరిగి ఉంటుంది. ఆ కాస్తకే తుప్పు పడుతుంది.

ఇక్కడ అమెరికానుంచి ఒక బంధువు పంపిన ప్రశ్న చెప్పాలి. మిన్నెసోటా, విస్కాన్సిన్ లాంటి చలి రాష్ట్రాల పల్లెల్లో ఇంటికి దూరంగా చిన్న గుడిసెంత కట్టెల పొయ్యి పెట్టి, దానిలో కాగిన నీటిని భూమిలో వేసిన గొట్టాల ద్వారా ఇంట్లోకి పంపి ఇల్లంతా వెచ్చబెట్టుకుంటారు. వాటి పొగ మరీ ఎక్కువని అక్కడి పర్యావరణ సంస్థ 2015లో హద్దులు కూడా పెట్టింది. ఆ పొయ్యిలు అమ్మేవాళ్ళు కొందరు పావు అంగుళం మందాన మామూలు ఉక్కు చాలంటారు, కొందరు 11 శాతం క్రోమియం ఉన్న 409 రకం స్టీలు కావాలంటారు. కార్ల సైలెన్సర్లకు వాడేది ఈ రకమే. "అక్కడ మామూలు ఉక్కు పొయ్యి ఇరవై ఏళ్ళు వస్తుందంటున్నారు, మనకెందుకు రాదు?" అని మావాడి ప్రశ్న.

రాదు. అక్కడ ఒకసారి పోసిన నీళ్ళే ఏళ్ళ తరబడి గొట్టాల్లో తిరుగుతాయి. అందులో ఉన్న కాస్త ఆక్సిజన్ మొదట్లోనే ఖర్చయిపోతుంది. తుప్పు ఆపే మందు కలుపుతారు, ఏటా నీటిని పరీక్ష చేయిస్తారు. మనం ఆ నీళ్ళను ఒంటిమీద పోసుకుంటాం! మందు కలపలేం. రోజూ కొత్త నీళ్ళు, కొత్త ఆక్సిజన్, కొత్త సున్నం. పేరు ఒకటే అయినా రెండు పొయ్యిల జాతకాలు వేరు. అక్కడి లెక్క చూసి ఇక్కడ రేకు కొనకూడదు.

అయినా మామూలు ఇనుమును నేను కొట్టిపారేయను. అడుగు 5 మిల్లీమీటర్లకు తగ్గకుండా, పక్కలు 3 మిల్లీమీటర్లతో చేయిస్తే రోజూ వాడే ఇంట్లో నాలుగైదేళ్ళు వస్తుంది. రోజూ వాడే ఇంట్లో అన్నమాట గమనించండి. ఏడాదికి నాలుగుసార్లు వచ్చేవాళ్ళకు ఇనుము పనికిరాదు. సగం నీళ్ళు నిలిపి తాళం వేసుకుపోతే, నీటి గీత దగ్గర గాలీ నీరూ కలిసి రేకును కొరికేస్తాయి. బూడిద ఇంకో దొంగ. కట్టెల బూడిదలో పొటాషియం ఉప్పులుంటాయి, అవి గాలిలోని తడిని లాగుతాయి. వానాకాలమంతా అడుగు అతుకు మీద తడి బూడిద కూర్చుంటే బయటినుంచి కూడా రంధ్రం పడుతుంది. పాత నూనె డ్రమ్ముతో పొయ్యి కట్టించే అలవాటు ఒకటుంది. ఆ రేకు మందం ఒక మిల్లీమీటరు పైచిలుకే. పైగా ముందు ఆ డ్రమ్ములో ఏ రసాయనం, ఏ పురుగుమందు ఉండేదో దేవుడికెరుక. ఒంటికి పోసుకునే నీళ్ళకు అది వద్దే వద్దు.

స్టెయిన్‌లెస్ స్టీలు అనగానే జనం ఇక తుప్పు లేదనుకుంటారు. 1913లో షెఫీల్డ్ నగరంలో హ్యారీ బ్రెయర్లీ ఈ రకం స్టీలుతో పేరు తెచ్చుకున్ననాటినుంచీ ఆ పేరే దానికి బలం. కాని స్టెయిన్‌లెస్ అన్నది ఒక పెద్ద కుటుంబం. 304 రకంలో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. నికెల్ ఖరీదు. దాన్ని తగ్గించి మాంగనీసు కలిపిన 200 వరుస రకాలు బజారులో చాలా ఉన్నాయి. మెరుపు ఒకటే, మన్నిక ఒకటి కాదు. అయస్కాంతం అంటుకోకపోతే 304 అని అంగడివాళ్ళు చూపించే పరీక్షను నమ్మవద్దు, 200 వరుసకూ అయస్కాంతం అంటుకోదు.

నిజమైన 304 అయినా ఉప్పు నీటికి, అందునా వేడి ఉప్పు నీటికి లొంగుతుంది. క్లోరైడు లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటితే చల్లని నీటికే 304ను సందేహిస్తారు. వేడి నీటికి ఆ హద్దు ఇంకా కిందికి దించుకోవాలి. మామూలు ఇనుములా అంతటా అరగదు. వెల్డింగు అతుకు పక్కన సూదిమొన అంత గుంట పడి, అదే లోతుకు పోతుంది. లేదా వెంట్రుకలాంటి పగులు వస్తుంది. చూడటానికి అద్దంలా మెరుస్తూనే నీళ్ళు కారుతుంటాయి. కాబట్టి స్టీలు కొనే ముందు వంద, రెండు వందలు పోతే పోయాయని బోరు నీటికి పరీక్ష చేయించండి. కాఠిన్యం, క్లోరైడు, ఈ రెండు అంకెలు చాలు.

ఇంకో మాట. ఫ్లోరైడు భయంతో ఇంటింటా నీళ్ళు శుద్ధిచేసే ఆర్.ఓ. యంత్రాలు పెట్టుకున్నాం. మంచిదే. అది వదిలేసే నీటిని పారబోయడం ఇష్టంలేక బకెట్లో పట్టి బాయిలరులో పోసే ఇల్లాళ్ళున్నారు. ఉప్పూ సున్నమూ చిక్కబడిన నీళ్ళవి. ఇల్లు తుడవడానికి వాడండి, బాయిలరుకు మాత్రం వద్దు. అలాగే మంట రాజేయడానికి పాత ప్లాస్టిక్ గొట్టాల ముక్కలు, సంచులు వేయకండి. పి.వి.సి. కాలితే వచ్చే పొగ తడితో కలిసి ఆమ్లమవుతుంది. స్టీలుకూ చేటు, పీల్చేవాళ్ళకు అంతకంటె చేటు.

ఇత్తడి గంగాళాలు అందంగా ఉంటాయి గాని ఉప్పు వేడినీటిలో ఇత్తడిలోని జింకు కొంచెం కొంచెంగా కరిగిపోయి లోహం గుల్లబారుతుంది. జి.ఐ. రేకు మీది జింకు పూత చన్నీళ్ళకు కాపలా. నీళ్ళు 60 డిగ్రీలు దాటాక ఆ కాపలాను నమ్మలేం. అల్యూమినియం ఈ పనికి రాదు.

రాగి సంగతి వేరు. మా నీటితో రాగికి పెద్ద తగవు లేదు. లోపల ఒక పలచని పొర కట్టి అదే కవచమవుతుంది. అమ్మమ్మల కాలపు హండేలు అరవై డెబ్బై ఏళ్ళుగా పనిచేస్తున్న ఇళ్ళు మా వీధిలోనే నాలుగున్నాయి. అయితే రాగి బాయిలరునుంచి వచ్చే వేడినీటికి జి.ఐ. గొట్టం తగిలించడం తరచుగా చూస్తాను. నీళ్ళలో కరిగిన రాగి పోయి ఆ గొట్టంలో దిగి జింకునూ ఇనుమునూ తినిపిస్తుంది. రెండేళ్ళకు గొట్టం పోతుంది, పేరు రాగికి వస్తుంది. పొయ్యికి దగ్గర రెండడుగులు రాగి గొట్టం వేసి, ఆపైన వేడినీళ్ళకు పనికివచ్చే సి.పి.వి.సి. వేసుకుంటే ఈ గొడవ ఉండదు.

బ్యాంకు లెక్క

ఇప్పుడు నా విద్య. మంచి ఇనుప బాయిలరు ఖరీదు 100 రూపాయలు అనుకుందాం. నిజమైన ధర మీ ఊరి మేస్త్రి చెబుతాడు, ఇది పోల్చి చూడటానికి మాత్రమే. అయిదేళ్ళు వచ్చి, పాత ఇనుముగా 10 రూపాయలు తెస్తే ఏడాదికి అరుగుదల 18. పెట్టిన సొమ్ముకు 7 శాతం వడ్డీ 7. మొత్తం 25. స్టీలుది 250 పెట్టి, పన్నెండేళ్ళు వచ్చి, 50 తిరిగి వస్తే అరుగుదల 17, వడ్డీ 17, మొత్తం 34. రాగిది 700 పెట్టి, నలభై ఏళ్ళు వాడి, పాత రాగిగా 400 వస్తుందనుకున్నా అరుగుదల 8కి లోపే, వడ్డీ మాత్రం 49! మొత్తం 56 పైన. రాగి అరగదు, కాని సొమ్మును బంధించి కూర్చుంటుంది. ఇప్పుడు కొత్తగా కొనేవాళ్ళకు, కేవలం ఖర్చు చూస్తే, రాగి దండగ.

అలాగైతే ఇంట్లో ఉన్న పాత హండేను అమ్మేసి ఆ డబ్బు ఎఫ్.డి.లో వేస్తే? ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. కొందరు అడగకుండానే అమ్మేశారు. దీపావళి ముందు పాత్రల అంగళ్ళలో "పాతది ఇవ్వండి, కొత్తది తీసుకెళ్ళండి" అని బోర్డులు పెడతారు గదా, అక్కడ ఇరవై కిలోల హండే ఇచ్చి మెరిసే స్టీలు బాయిలరు ఆటోలో వేసుకుని సంతోషంగా వచ్చేస్తారు. వాళ్ళకు నేను చెప్పేదేమంటే, అమ్మే ధర వేరు, కొనే ధర వేరు. అంగడివాడు తరుగు తీస్తాడు, టంకం బరువు తీస్తాడు, మసి బరువు తీస్తాడు, పాత రాగి ధర కడతాడు. మళ్ళీ అదే హండే కావాలంటే కొత్త రాగి ధర, ఆపైన మజూరీ. మధ్య తేడా ఎన్నేళ్ళ వడ్డీకైనా సమానం. పైగా దిట్టమైన రేకును సుత్తితో సాగదీసి హండే చేసే కంచరులు మా వైపు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. నాకు తెలిసిన ముసలాయన కొడుకు మోటారు సైకిళ్ళ అంగట్లో పనిచేస్తున్నాడు. లేనివాళ్ళు రాగి కొనవద్దు, ఉన్నవాళ్ళు అమ్మవద్దు. నా లెక్క ఇంతే.

ఇంకొక కారణముంది, అది డబ్బుది కాదు. హండేకు నోరుంది. చెయ్యి దూరేంత నోరు. మా ప్రాంతంలో నరకచతుర్దశికి ముందురోజు సాయంత్రాన్ని కన్నడంలో నీరు తుంబువ హబ్బ అంటారు, మేము నీళ్ళు నింపే పండుగ అంటాం. ఆ రోజు హండేను పొయ్యి మీదనుంచి దించి, లోపల గీకి, బయట చింతపండుతో తోమి, పసుపు కుంకుమలు పెట్టి, మెడకు పూలదండ చుట్టి, కొత్త నీళ్ళు నింపుతారు. మర్నాడు తెల్లవారకముందే తలంటు. చిన్నప్పుడు మా అవ్వ ఆ రోజు మమ్మల్ని హండేలోకి దింపి కొబ్బరి చిప్పతో అడుగు గీకమనేది. తెల్లటి పెళ్ళలు చాటెడు వచ్చేవి. పండుగ పేరుతో ఏటా జరిగిపోయే బాయిలరు మరమ్మతు అది! ఇప్పటి మూసిన బాయిలర్లకు ఆ రోజు బొట్టు పెడుతున్నాం గాని లోపల ఎవరు గీకుతున్నారు? అందుకే ఏ లోహంతో చేయించినా పైన చెయ్యి దూరే మూత, అడుగున గార తీసే పెద్ద బిరడా ఉండేలా చెప్పి చేయించండి. చెయ్యి అందని మూలల్లో నిమ్మ ఉప్పు వేసి గోరువెచ్చని నీటితో రాత్రంతా నానబెడితే గార వదులుతుంది. స్నానాల గది కడిగే యాసిడ్ మాత్రం స్టీలు బాయిలరులో పోయకండి, ఒక్కసారికే గుంటలు పడతాయి.

కట్టెల ఖర్చు తగ్గాలంటే లోహాన్ని కాదు, పొయ్యిని చూడాలి. 60 లీటర్లను 35 డిగ్రీలు వెచ్చబెట్టడానికి కావలసింది 2,100 కిలోకేలరీలు. ఎండిన కట్టె కిలోకు సుమారు 3,500 ఇస్తుంది. అంటే ఆరువందల గ్రాములు చాలాలి. మూడు రాళ్ళ పొయ్యి మీద అయిదు కిలోలు పోతాయి. మిగతాదంతా పెరటి గాలికి. బెంగుళూరులో భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్య అమూల్య రెడ్డి 1974లో మొదలుపెట్టిన ఆస్త్ర విభాగంవారు జల్లెడ, పొగగొట్టం, సరైన కొలతల గాలిదారితో పొయ్యిలు తయారుచేసి కర్ణాటకలో ఊరూరా ప్రచారం చేశారు. ఆ పద్ధతిలో కట్టిన పొయ్యి మీద కట్టెలు సగానికి పైగా తగ్గుతాయి. పచ్చి కట్టెలో సగం బరువు నీళ్ళే. ఆషాఢ, శ్రావణాల్లో నరికిన మామిడి కొమ్మను చీల్చి నీడన పేర్చి మార్గశిరానికి వాడుకోవాలి.

ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. మా బంధువుల ఇంట్లో మూసిన బాయిలరు పైన ఆవిరి పోయే గొట్టం ఉండేది. ఆవిరి ఊరికే పోతోందని ఎవరో దానికి చెక్క బిరడా కొట్టారు. లీటరు నీరు ఆవిరైతే 1,600 లీటర్లకు పైగా చోటు కావాలి. ఒక ఉదయం పై అతుకు పెద్ద చప్పుడుతో విడిపోయి మరిగే నీళ్ళు పెరడంతా చిమ్మాయి. కోడలుపిల్ల అప్పుడే బకెట్ తీసుకుని లోపలికి వెళ్ళింది కాబట్టి బతికింది. ఆవిరి గొట్టానికి బిరడాగాని, తిప్పే కుళాయిగాని ఎప్పుడూ ఉండకూడదు. పిల్లలు గులకరాళ్ళు వేయకుండా దాని కొసను కిందికి వంచండి, అంతే. పొయ్యి నోరు ఎప్పుడూ ఇంటి బయటికే ఉండాలి. మూసిన స్నానాల గదిలో నిప్పులుంటే వచ్చే విషవాయువుకు వాసన ఉండదు.

ఇక ఎవరికి ఏది? పాత హండే ఉన్నవాళ్ళు దాన్ని ఇటుక పొయ్యి మీద కూర్చోబెట్టి, పోతఇనుప జల్లెడ, పొగగొట్టం వేయించుకోండి. రోజూ వాడే ఇంట్లో కొత్తది కావాలంటే మందమైన ఇనుము, అడుగు విప్పి మార్చుకునేలా. పండుగలకు మాత్రమే వచ్చేవాళ్ళు, నీటిలో క్లోరైడు తక్కువైతే, 304 స్టీలుతో చేయించుకుని, వెళ్ళేటప్పుడు నీళ్ళు పూర్తిగా వదిలి, మూత తీసి, బూడిద ఊడ్చి వెళ్ళండి. స్టీలు కొంటే బిల్లు మీద 304 అని రాయించుకోండి, రాయనంటే కొనకండి. ఏ లోహమైనా బాయిలరు ఇంటికి వచ్చాక నిండా నీళ్ళు పోసి, పొడి గచ్చు మీద ఒక రాత్రి ఉంచండి. తెల్లవారి కింద తడి లేకపోతే అప్పుడు మిగతా డబ్బు ఇవ్వండి.